ప్రసంగానికి వరుస

నవంబర్ 5
గ్రంథాలయ వారోత్సవాల్లో గ్రంథాలయోద్యమం మీద మాట్లాడమన్నారు. “మాస్టారూ, ఇరవై నిమిషాలు దాటొద్దండీ, పిల్లలకు బహుమతులివ్వాలి” అని గ్రంథపాలకురాలు ముందే చెప్పింది. విషయానికి కొదవ లేదు. ఏది ముందు, ఏది వెనక అన్నదే తేలాలి.

నవంబర్ 6
ముందు కాలక్రమంలో రాశాను. 1901 హైదరాబాద్, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1904 హనుమకొండ, రాజరాజనరేంద్ర భాషానిలయం. 1914 బెజవాడ, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయ మహాసభ. 1918 వేటపాలెం, సారస్వత నికేతనం.

మాట్లాడేవాడికి ఇది సుఖం. తడబడినా తర్వాతి సంవత్సరం పట్టుకుని బయటపడొచ్చు. వినేవాడికే పనేమీ మిగలదు. అప్పట్లో గొప్పవాళ్లుండేవారని తలూపి ఇంటికెళ్తాడు.

నవంబర్ 7
ఈ ఊళ్లను పటంలో చూస్తే, సికింద్రాబాద్ నుంచి కాజీపేట, విజయవాడ మీదుగా చీరాల వైపు వెళ్లే రైలు దారే! స్థలక్రమమూ కాలక్రమమూ ఒక్కటైపోయాయి. ఒక్కో స్టేషన్లో దింపి చూపిస్తూ పోతే పిల్లలు కదలరు.

సాయంత్రానికి అనుమానం పట్టుకుంది. ఒకదాని తర్వాత ఒకటి చెబితే, ఒకదాని వల్ల ఇంకొకటి పుట్టిందనుకుంటారు. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో, రావిచెట్టు రంగారావు ఇంట్లో తెలుగు కోసం ఒక నిలయం వెలిసిన కారణం వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో అక్కడక్కడా నడుస్తున్న గ్రంథాలయాలు బెజవాడలో ఒకచోట చేరాల్సిన అవసరం వేరు. రైలు ప్రయాణంలో ఆ తేడా కనబడదు. వదిలేశాను.

నవంబర్ 9
1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన ప్రసంగం మళ్లీ చదివాను, ఈసారి వరుస కోసమే. మొదట పని ఎన్నాళ్లు పట్టిందో లెక్కలు. తర్వాత రాజ్యాంగ రచనలో తోడ్పడిన బి.ఎన్.రావు, ఎస్.ఎన్.ముఖర్జీ వంటి వారికి కృతజ్ఞతలు. ఆపై విమర్శలకు ఒక్కొక్కటిగా జవాబులు. ఆక్షేపణల సంగతి తేల్చాకే దేశ భవిష్యత్తు మీద తన ఆందోళన బయటపెట్టారు: రాజ్యాంగ మార్గం విడవొద్దు, ఎంతటి మహనీయుడికైనా మన స్వేచ్ఛను అప్పగించొద్దు, రాజకీయ ప్రజాస్వామ్యం దగ్గరే ఆగిపోక సామాజిక ప్రజాస్వామ్యం సాధించుకోవాలి. ఈ మూడింటినీ మొదట్లోనే పెట్టి ఉంటే ఇంత బలంగా తగిలేవి కావు. అప్పటికి ఆయన వాటిని చెప్పే హక్కు సంపాదించుకున్నారు.

నవంబర్ 10
1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవెక్కించి కాలువ గట్టు ఊళ్లకు చేర్చిన సంగతి ఏ వరుసలోనూ ఇమడటం లేదు. హరికథలో పిట్టకథలా మధ్యలో చెప్పేస్తాను. జనం అలిసిపోయే చోటు చూసుకోవాలి, అంతే.

నవంబర్ 11
పొద్దున గ్రంథాలయానికి వెళ్లాను. పఠన మందిరం నిండా గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు. పుస్తకాలు వాళ్లవే. వాళ్లకు కావలసింది బల్ల, ఫ్యాను, వెలుతురు, నిశ్శబ్దం. సభలో నా ముందు కూర్చునేదీ వీళ్లే. వీళ్లకు 1901తో మొదలుపెట్టనా!

సమస్యతోనే మొదలుపెట్టాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. మరి ఈ గదిలో కుర్చీ దొరకదేం? ఇది అడిగాక, ఏ పన్నూ లేని రోజుల్లో చందాలు పోగుచేసి జనం ఏం కట్టుకున్నారో చెబుతాను. అప్పుడు హనుమకొండ, వేటపాలెం ఆ ప్రశ్నకు సాక్ష్యాలవుతాయి. రాసుకున్నవే. మార్చింది వరుస ఒక్కటే.

నవంబర్ 13
అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయపు అలన్ మన్రో 1930లలో ప్రసంగానికి చెప్పిన అయిదు మెట్లతో నా వరుస సరిచూసుకున్నాను. దృష్టి ఆకట్టుకోవడం, అవసరం తెలపడం, పరిష్కారం చూపడం, అది జరిగితే ఎలా ఉంటుందో కళ్లకు కట్టించడం, చేయాల్సిన పని చెప్పడం. సరుకు అమ్మేవాళ్లూ ఇదే వాడతారు, అందుకే నాలుగో మెట్టు దగ్గర నోరు అదుపులో పెట్టుకోవాలి. లేని భవనాన్ని కట్టి చూపించను.

అయిదోది మాత్రం అక్కడికక్కడే చేయగలిగినదై ఉండాలి. గ్రంథపాలకురాలికి ఫోన్ చేసి, సభ్యత్వ ఫారాలు, రెండు పెన్నులు గుమ్మం పక్కన బల్ల మీద పెట్టించమన్నాను. బహుమతుల కంటే ముందే.