పూడిక మట్టి

ముళబాగిలు పక్కన మా పల్లెలో చెరువు ఎండగానే బండ్లు కట్టేవారు. ఆ నల్లమన్ను చేలో పడితే రెండేళ్లు వేరే ఎరువు అక్కర్లేదనేవాడు మా తాత. ఆ మాట నాలో ఎంత గట్టిగా నాటుకుందో పోయిన ఏడు తెలిసింది.

మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, బెంగళూరు రాజకాలువలో తీసిన మన్ను లారీవాడు ఊరికే తోలిస్తానంటాడు. టమాటా తోటకి వేయొచ్చునా?" 

"వేయరా, బంగారం" అన్నాను. అప్పు కాగితాన్ని నాలుగుసార్లు చూడందే సంతకం పెట్టని వాణ్ణి, ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించలేదు.

నెల తర్వాత మా వీధి మోరీ తీసి బురద గట్టున పోశారు. దానిమీద నూనె జిడ్డు తళతళలాడుతుంటే గుండె జారింది. మా పై అంతస్తులో రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరు ఉన్నారు. వెళ్లి అడిగాను.

అది వాననీటి కాలువే అయినా, వాన రోడ్డును కడిగి తెస్తుంది. టైర్ల అరుగుదల నుంచి జింకు, బ్రేకుల నుంచి రాగి. సీసం కలిపిన పెట్రోలు 2000లో దేశమంతటా ఆగింది కానీ, అంతకుముందు పడ్డ సీసం కుళ్లిపోయేది కాదు. ఇవన్నీ సన్నని బురదకే ఎక్కువ అంటుకుంటాయి. మనం సారమనుకునేది ఆ మెత్తదనాన్నే.

లోహం మొత్తం ఎంతుందన్న లెక్క ఒక్కటే చాలదట, ఎంత గట్టిగా పట్టుకుని ఉందో చూడాలట. ఇది నాకు వెంటనే అర్థమైంది. గాలి తగలని బురదలో చాలా లోహాలు గంధకంతో ముడిపడి ఫిక్సెడ్ డిపాజిట్‌లా కదలకుండా ఉంటాయి. తవ్వి ఆరబోస్తే ఆ ముడి వీడుతుంది. గడువుకు ముందే డిపాజిట్ తీసినట్టు, సరుకు నీళ్లలోకి, వేళ్లలోకి చలామణీ అవుతుంది. ఆపైన ప్రాణమున్న సాక్షిని అడుగుతారు. తొట్టిలో సగం మంచి మన్ను, సగం ఈ మన్ను పోసి, మధ్యలో వానపాముల్ని వదిలి, రెండు రోజులకు ఎటు చేరాయో లెక్కపెడతారు.

ఆ రాత్రే ఫోన్ చేశాను. 

"నాలుగు లోడ్లు పరిచేసినా మామా. మన్ను పరీక్ష కూడా చేయించినా. జింకు దండిగా ఉందని కార్డులో రాసిచ్చినారు, మంచిదే కదా?"

ఆ కార్డులో పన్నెండు అంశాలుంటాయి. జింకు, రాగి పైరుకు పోషకాలు గనుక వాటికి చోటుంది. సీసానికీ కాడ్మియానికీ గడే లేదు. అప్పుల వైపు రాయని బ్యాలెన్స్ షీటు చూసి వాడు సంతోషపడుతున్నాడు. వాణ్ణేమనను? వేయమన్నది నేను.

ఇంకా నారు నాటలేదు, అదొక్కటే అదృష్టం. పరిచిన మన్నంతా గీకించి, గట్టు మూలన కుప్పవేసి టార్పాలిన్ కప్పించాము. కూలి నేనిచ్చాను. ఆ మడి ఆ కారు బీడుపడింది. అక్క నన్నేమీ అనలేదు.

పది రోజులకు వాడే ఫోన్ చేశాడు. "మామా, తొట్టిలో పోసి చూసినా. ఎర్రలన్నీ మన మన్నులోకే వచ్చేసినాయి."

ఇంట్లో చేసిన పరీక్ష ల్యాబు రిపోర్టుకు సాటిరాదు, నిజమే. కానీ వానపాములు నాకంటే జాగ్రత్తగా చూసి సంతకం పెట్టాయి.

తాత మాటలో తప్పులేదు. ఆయన చెరువులోకి చేల నీళ్లు వచ్చేవి. ఆ కుప్ప మాత్రం ఇంకా గట్టు మూలనే ఉంది. తిరిగి తీసుకుపొమ్మంటే లారీవాడు ఫోన్ ఎత్తడం లేదు.