అడవికి రీటేకులు లేవు!

సినిమాలో అడవి చూడటం ఎంత సుఖం! టిక్కెట్టు కొంటే చాలు, పది నిమిషాల్లో పులి ప్రత్యక్షం. అసలు అడవిలో అలా కాదు. పులి మనల్ని చూస్తుంది గానీ మనం దాన్ని చూడం!

2021లో ‘పుష్ప’ వచ్చాక, తార్నాకలో చాయ్ తాగేచోట కూడా మారేడుమిల్లి మాటే. ఉస్మానియాలో చదివే మా తమ్ముడు ఊరుకుంటాడా? “అన్నా, పుష్ప అడవి చూడాల్సిందే” అని పట్టుబట్టాడు. రాజమండ్రి దాకా రైలు, అక్కణ్ణుంచి రంపచోడవరం మీదుగా బస్సు.

దారి చూపడానికి వచ్చిన కొండరెడ్డి కుర్రాణ్ణి వాడు అడిగిన మొదటి ప్రశ్న: “ఎర్రచందనం చెట్టేదీ?”

ఆ కుర్రాడు నవ్వాడు. “ఇక్కడ లేవండీ. అవి తిరుపతి వైపు.”

నిజమే మరి! ఎర్రచందనం శేషాచలం లాంటి ఎండు కొండల చెట్టు. కథ అక్కడిది, షూటింగు చాలావరకు ఇక్కడ. మారేడుమిల్లిది తడి అడవి, వర్షారణ్యానికి దగ్గరి చుట్టం. ఆ పక్కనే పాపికొండలు. 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్కు. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పులి, చిరుత, ఎలుగు, అడవిదున్న... అన్నీ ఉన్నాయి. మరి మాకు కనిపించినవి? చిటారుకొమ్మన ఒక బెట్లుడుత, బురదలో దున్న గిట్టల గుర్తులు. అంతే!

తమ్ముడి మొహం వాడిపోయింది. అంతలో వాగు పక్కన ఓ కారు ఆగింది. స్పీకర్లో పాట హోరెత్తింది. ఉడుత మాయం! పిట్టల అరుపులు బంద్! పాట అయ్యాక అక్కడ మిగిలినవి ప్లాస్టిక్ గ్లాసులు.

“జంతువులు లేక కాదన్నా, మనం ఉండబట్టి కనిపించడం లేదు” అన్నాడు తమ్ముడు, గ్లాసులు ఏరుతూ.

ఆ మాటకు నాకు మా తార్నాక గుర్తొచ్చింది. తార్ నాకా అంటే తీగ కంచె దగ్గరి కాపలా చౌకీ అని పెద్దలు చెబుతారు. ఒకప్పుడు అక్కడ తోటలుండేవట. తోట పోయింది, కంచె పోయింది, పేరు మిగిలింది. మారేడుమిల్లి కూడా రేపు వెండితెర మీద పేరుగానే మిగిలితే? షాటు చెడితే డైరెక్టరు మళ్లీ తీస్తాడు. అడవిని మళ్లీ తీసే డైరెక్టరెవరు?

కనుక వెళ్లండి, తప్పక వెళ్లండి. స్పీకరు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. రిహార్సలు కావాలా? తెల్లారకముందే ఉస్మానియా క్యాంపస్‌లో చెట్లున్న చోట ఓ అరగంట మాటాపలుకూ లేకుండా కూర్చోండి. నెమలి కూత చెవిన పడిందా... మీరు అడవికి పాసైనట్టే!