కూలగొట్టినోళ్ల చదువు

సంతోష్‌నగర్ అంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది ట్రాఫిక్. కాస్త వయసు మళ్లినవాళ్లకైతే కర్ఫ్యూ. ఇక్కడి పిసల్‌బండలో పైగా మక్బరాలున్నాయన్న సంగతి మా మొహల్లా పిల్లల్లోనే చాలామందికి తెలీదు. నిజాముల తర్వాత నిజాములంతటి పైగా నవాబుల సమాధులవి. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా కూడా ఇక్కడే ఉన్నాడు. సున్నపు గచ్చుతో దిద్దిన పూలు, ఒకదానిలాంటిది ఒకటి లేని జాలీలు. 2023లో అమెరికా రాయబారి నిధి 2,50,000 డాలర్లు ప్రకటించి, ఆరు సమాధుల మరమ్మతు ఆగాఖాన్ ట్రస్టుకు అప్పగించాక పేపర్లకు వీటి మీద ప్రేమ పుట్టింది.

మా తమ్ముడి కూతురు డిగ్రీ కాగానే పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చేస్తానంది. ఇంట్లో పెద్ద లొల్లి. "ఖబరాఁ ఖోద్‌నేకు ఎం.ఏ. కర్తీ క్యా?" అంది మా అమ్మీ. సమాధులు తవ్వడానికి ఎం.ఏ. దేనికని ఆమె బాధ. తమ్ముడి లెక్క వేరు. ఈ చదువులో కొలువులు తక్కువ, ఉన్నవాటిలో చాలా కాంట్రాక్టువే. ఆటో కిస్తీలు కట్టే తండ్రి ఆ లెక్క వేసుకోవడంలో తప్పేముంది?

అయినా పిల్ల వినలేదు. వివరాలు కనుక్కుందామని ఒక కాలేజీకి వెళ్లింది. ఆమె పేరు విని, బురఖా చూసి, అక్కడి ఒకాయన నవ్వుతూనే అన్నాడట: "కూలగొట్టినోళ్లకు కాపాడే చదువెందుకమ్మా?"

ఆ మాట ఆమె నాకు ఏడుస్తూ చెప్పలేదు. "బడే అబ్బా, దీనికి జవాబేంటి?" అని అడిగింది.

జవాబుంది. 1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాన్ని నడిపినవాడు గులాం యజ్దానీ. అజంతా అప్పుడు నిజాం ఇలాకాలోనే ఉంది. బొమ్మలు పెచ్చులూడిపోతుంటే ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి నిలబెట్టించారు. ఆ బొమ్మల మీద యజ్దానీ నాలుగు సంపుటాలు తెచ్చాడు, 1930 నుంచి 1955 దాకా. మన రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వస్తే ఊరూరా సంబరపడ్డాం. పాలంపేట గుళ్ల మీద ఆయన 1922లోనే పుస్తకం రాశాడు. శాతవాహనుల ఊరు కొండాపూర్‌ను 1940ల మొదట్లో తవ్వించిందీ ఆ శాఖే.

కానీ యజ్దానీ ఫోటో జేబులో పెట్టుకుని తిరగడం నాకిష్టం లేదు. మేం మంచివాళ్లమని ఎవరికో సర్టిఫికెట్ చూపించుకోవడానికా ఒక పిల్ల చదువుకునేది? గుడిని కాపాడిన ముస్లిం ఒకడు దొరికితే తప్ప మాకు ఈ మట్టిలో వాటా లేదా?

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి, మావాళ్లకు నచ్చకపోయినా. వారసత్వం అనగానే మేం నవాబుల్నే తలుచుకుంటాం. మా తాత ఏ నవాబూ కాదు. ఆ మక్బరాల్లో ఖాందానుల పేర్లు దొరుకుతాయి. సున్నం నానబెట్టి, రుబ్బి, ఆ పూలు దిద్దిన మేస్త్రీ పేరు ఏ పలక మీదా నేను చదవలేదు. పురావస్తు శాస్త్రం నాకు నచ్చేది అక్కడే. దానికి రాజు కిరీటమెంతో కుమ్మరి పగిలిన కుండ పెంకూ అంతే. ఏ పొరలో దొరికిందన్నదే ముఖ్యం. వారసత్వ నిర్వహణ అనే కొత్త చదువులోనైతే రాయితోపాటు దాని చుట్టూ బతికేవాళ్ల లెక్క కూడా ఉంటుంది. మరమ్మతుకు సిమెంటా సున్నమా అన్నదే కాదు, మక్బరా గోడనానుకుని కాపురముంటున్న వితంతువును ఆక్రమణదారు అనాలా, పొరుగు అనాలా అన్నదీ ప్రశ్నే.

మా పిల్లలకు ఉన్న ఆస్తి ఒకటుంది, వాళ్లకే తెలీదు. కుతుబ్ షాహీల ఫర్మానాలు ఫార్సీలో, తెలుగులో పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు లిపులూ చదవగలిగినవాళ్లు ఇవాళ ఎంతమంది? మా గల్లీలో మదర్సాకూ తెలుగు మీడియానికీ రెండింటికీ వెళ్లిన పిల్లలున్నారు. కేంద్ర పురావస్తు శాఖ పీజీ డిప్లొమాకు ఫార్సీ, అరబ్బీ ఎం.ఏ.లు కూడా పనికొస్తాయి. 2020 అక్టోబరులో ఆ జాబితాలో తమిళం లేదని తమిళులు గొడవ చేశాకే తమిళంతోపాటు తెలుగూ చేరింది. మనవాళ్లు అడిగి తెచ్చుకున్నది కాదు. ఆ శాఖలో అరబ్బీ, ఫార్సీ శాసనాలు చదివే విభాగం నాగపూర్‌లో ఉంది. ఆ బల్లల ముందు మా సంతోష్‌నగర్ పిల్ల ఎందుకు కూర్చోకూడదు?

అమ్మీ ఇంకా గొణుగుతూనే ఉంది. తమ్ముడు మాత్రం ఫీజు ఎంతని నన్ను అడిగాడు, పిల్లను కాదు. నిన్న దరఖాస్తు నింపుతుంటే మాతృభాష గడి దగ్గర పిల్ల ఆగిపోయింది. ఉర్దూ అని రాసి, చిన్న గీత పెట్టి, పక్కనే తెలుగు అని కూడా రాసింది. గడి చాలక తెలుగు కాస్త బయటికొచ్చింది.