ఒకటే కళ్లె, రెండు కాగితాలు

సీజన్లో గుంటూరు మిర్చి యార్డు పక్కగా వస్తే ఆటోలోనే గొంతు పట్టేస్తుంది. అందుకే ఇక్కడ దగ్గంటే ఎవరూ త్వరగా కంగారు పడరు. ఘాటుకేలే అంటారు.

నేను వెళ్లింది కొత్తపేటలో ఒక ఛాతీ డాక్టరుగారి ల్యాబ్ చూడ్డానికి. టెక్నీషియన్ అమ్మాయి పక్కకి జరిగి మైక్రోస్కోపు చూడమంది. నీలి రంగు మీద సన్నటి ఎర్ర పుల్లలు.

"టీబీయేగా?" అన్నాను.

"రంగు చూసి చెప్పలేమండీ," అంటూ ట్రూనాట్ కాగితం చేతికిచ్చింది. అందులో క్షయ లేదు. రెండూ నిజమే. ఆ ఎరుపు మైకోబ్యాక్టీరియా వంశం మొత్తానికీ ఎక్కే రంగు. ట్రూనాట్ వెతికేది క్షయ క్రిమి జన్యువునొక్కదాన్నే. ఆ వంశంలో 190కి పైగా జాతులున్నాయి. చాలావరకు మట్టిలో, నీళ్లలో, కుళాయి గొట్టాల పాకుడులో బతుకుతాయి. 1968లో చెంగల్పట్టులో మొదలైన బీసీజీ క్షయ టీకా ప్రయోగం ఫలించకపోవడానికి మట్టిలోని ఈ దాయాదులే ఒక కారణం కావచ్చని శాస్త్రవేత్తలు అనుమానించారు.

ఆ కళ్లె ఇచ్చినావిడ బయట బెంచీ మీద కూర్చుంది. మిర్చి కూలీ. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గింది. ఊపిరి గొట్టాలు అక్కడక్కడ సాగిపోయి కళ్లె నిలవుంటోంది. ఆ మట్టి, నీటి క్రిములకి కావలసింది అలాంటి చోటే. నిరుడు మరోచోట ఎర్ర పుల్లలు చూసి, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష లేకుండానే మళ్లీ ఆర్నెల్ల టీబీ కోర్సు వాడించారు. దగ్గు తగ్గలేదు. ఇంట్లో ఆవిడ గ్లాసు మాత్రం వేరైపోయింది.

ఇక్కడ చేసిన మొదటి కల్చర్లో ఆ దాయాదుల్లో ఒకటైన ఏవియం గుంపు క్రిమి పెరిగింది. అదొక్కటే చాలదు, నీళ్లలోంచి కూడా వచ్చి ఉండొచ్చు. లక్షణాలు, సీటీ సరిపోవాలి. వేర్వేరుగా తీసిన రెండు కళ్లెల్లో అదే జాతి పెరగాలి. తేలాక కూడా అందరికీ వెంటనే మందు మొదలుపెట్టరు. పెడితే అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ కలిపి, కల్చర్లో క్రిమి పెరగడం ఆగాక మరో 12 నెలలు.

"ఇది మనిషి నుంచి మనిషికి మామూలుగా అంటదమ్మా," అన్నారు డాక్టరుగారు.

"అయితే నా గ్లాసు లోపల పెట్టుకోవచ్చన్నమాట," అందావిడ.

ఇథాంబుటాల్ కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియకుండా చేస్తుంది. ఎర్రకాయలోంచి తాలుకాయ ఏరి కూలి తెచ్చుకునే మనిషికి అది చిన్న మాట కాదు. అందుకే మాత్ర మొదలెట్టకముందే కంటి డాక్టరు దగ్గరికి చీటీ రాశారు. క్షయ అయితే మందులు ఉచితం, ప్రభుత్వం నెలకు 1,000 రూపాయల నిక్షయ్ పోషణ సాయం కూడా ఇస్తుంది. ఇది క్షయ కాదు గనక ఆ సొమ్ము రాదు. జబ్బు పేరు మారితే ఖర్చు మీద పడటం నాకు న్యాయంగా అనిపించలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా కోర్సు పూర్తయ్యాక కూడా కళ్లెలో క్రిమి కనపడిందంటే, మళ్లీ అవే మాత్రలు మింగించే ముందు ఒక్క మాట అడగండి: కల్చర్‌కి పంపారా?