సాక్సోఫోన్ నేర్చుకునేవారి చేతులు

సాక్సోఫోన్ చూపులకు నాజూకైన వాద్యమే గాని తూకంలో తేలికైనది కాదు. కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా చేపట్టే ఆల్టో రకం సుమారు 2.5 కిలోల బరువుంటుంది. టెనర్ రకం 3 కిలోలు దాటుతుంది. ఆ బరువును మెడపట్టీ మోయాలి. వేళ్ళకు మీటలు నొక్కే పని మాత్రమే మిగలాలి. చేతుల స్థితి గురించి చెప్పవలసిన ప్రతి విషయమూ ఈ ఒక్క సూత్రం నుండి పుట్టినదే.

బెల్జియం దేశీయుడైన అడోల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో ఈ వాద్యానికి పేటెంట్ పొందాడు. కద్రి గోపాలనాథ్ (1949–2019) దానికి కర్ణాటక సంగీత వేదికపై గౌరవస్థానం సంపాదించారు. మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళాలలో దాని నాదం నేటికీ వినిపిస్తున్నది. ఇప్పుడు పాఠశాల విద్యార్థులతో పాటు ఉద్యోగ విరమణ చేసినవారు కూడా దీనిని నేర్చుకుంటున్నారు.

నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేసిన కాలంలో, వైశాఖమాసపు ముహూర్తాల రద్దీలో, ఒక బ్యాండు కళాకారుడు కుడి బొటనవేలి మొదట్లో వాపుతో వచ్చాడు. కొన్నాళ్ళు వాయించడం ఆపమంటే, “ఈ నెల సంపాదనే మాకు ఏడాది తిండి అయ్యగారూ” అన్నాడు. వాద్యం తెప్పించి ఎలా పట్టుకుంటాడో చూపమన్నాను. పట్టీ తెగిపోగా దాని స్థానంలో నూలుతాడు కట్టుకున్నాడు. అది పొడవెక్కువై వాద్యం కిందికి జారుతున్నది. దానిని నోటి దాకా ఎత్తి పట్టే శ్రమ అంతా ఆ ఒక్క వేలిదే. తాడు పొట్టి చేయించి, బొటనవేలు ఆనే కొక్కేనికి మెత్తని గుడ్డ చుట్టించి, మందులిచ్చి పంపాను. రెండు వారాల తరువాత వచ్చినప్పుడు నొప్పి పూర్తిగా పోలేదు గాని, ముహూర్తాలు మాత్రం తప్పిపోలేదు. నాటి నుండి వాద్యకారులెవరు చేతినొప్పితో వచ్చినా వాద్యాన్ని కూడా తెమ్మనడం నాకు అలవాటైంది.

వేళ్ళను కదిలించే కండరాలు వేళ్ళలో ఉండవు. అవి ముంజేతిలోను, అరచేతిలోను ఉంటాయి. ముంజేతి కండరాల నుండి స్నాయువులనే గట్టి తాళ్ళు మణికట్టు మీదుగా వేళ్ళకు చేరుతాయి. మణికట్టు ముందువైపున ఉన్న ఇరుకైన సొరంగంలో వేళ్ళను ముడిచే 9 స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నాడి ఇమిడి ఉంటాయి. మణికట్టు ముందుకో వెనుకకో బాగా వంగితే ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. అందువలన వాయించేటప్పుడు ముంజేయి, మణికట్టు, చేతి వెనుకభాగం దాదాపు ఒకే వరుసలో ఉండాలి.

ముందుగా పట్టీ పొడవు సరిచేసుకోవాలి. నిటారుగా ఉండి, తల వంచకుండా, గడ్డం ఎత్తకుండా చూసినప్పుడు మౌత్‌పీస్ తిన్నగా నోటికి అందాలి. ఎడమచేయి పైన, కుడిచేయి కింద ఉండాలి. ఎడమచేతివాటం వారికీ ఇదే పద్ధతి. ఎడమ బొటనవేలు వెనుకనున్న గుండ్రని ఆధారంపై ఏటవాలుగా ఆనాలి. దాని పైననున్న ఆక్టేవ్ మీటను, వేలు ఎత్తకుండా, కొసను కొద్దిగా ఒరిగించి నొక్కాలి. ఎడమ చూపుడువేలి స్థానం అన్నిటికంటె పైనున్న మీట కాదు, దాని తరువాతి పెద్ద బిళ్ళ. ఆ దిగువన ఉన్న చిన్న బిళ్ళను వదలి, తరువాతి రెండు పెద్ద బిళ్ళలపై మధ్యవేలు, ఉంగరపువేలు ఉంచాలి. కుడిచేతి మూడు వేళ్ళకు కింది మూడు బిళ్ళలు. చిటికెనవేళ్ళు తమ మీటల గుంపుపై తేలికగా నిలవాలి. కుడి బొటనవేలిపై గోటి మొదలుకు, మొదటి కణుపుకు నడుమ కొక్కెం ఆనాలి. ఆ వేలు వాద్యాన్ని కొద్దిగా ముందుకు నెడితే చాలు, పైకి మోయనక్కరలేదు.

బత్తాయిపండు పట్టుకున్నట్లు వేళ్ళు గుండ్రంగా వంగి, వేలికొసల మెత్తని భాగం బిళ్ళలను తాకాలి. అరచేయి వాద్యానికి అతుక్కుంటే పక్కమీటలు తెలియకుండా తెరుచుకొని అపస్వరం పలుకుతుంది. కచేరీ పద్ధతిలో నేలపై కూర్చుని వాయించేవారు కుడి మణికట్టు లోపలికి వంగకుండా ప్రత్యేకంగా గమనించాలి.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అరచేతిని బల్లపై బోర్లించి, మధ్యవేలిని లోపలికి మడిచి, మిగిలిన వేళ్ళను ఒక్కొక్కటిగా పైకెత్తండి. ఉంగరపువేలు మొరాయిస్తుంది. చేతి వెనుక దాని స్నాయువు ఇరుపక్కల స్నాయువులతో అడ్డపీచులతో ముడిపడి ఉండడం ఒక ముఖ్య కారణం. ఇది శరీర నిర్మాణమే గాని అభ్యాసలోపం కాదు. కనుక ఆ వేలిని బలవంతంగా ఎత్తి శిక్షించకండి. వేళ్ళన్నిటినీ మీటలకు తాకీ తాకనట్లు దగ్గరగా ఉంచితే ఎత్తవలసిన దూరమే తగ్గుతుంది. గట్టిగా నొక్కినందువలన స్వరం పెద్దది కాదు; అది ఊపిరి వలన వస్తుంది.

మొదటి వారాలలో ఒక విడతకు 15 నుండి 20 నిమిషాల సాధన చాలు. పిల్లలకు, మెడనొప్పి గలవారికి భుజాలపై బరువు పంచే పట్టీలు మేలు. రాత్రివేళ బొటన, చూపుడు, మధ్య వేళ్ళలో తిమ్మిరి కలిగితే మణికట్టు వద్ద మీడియన్ నాడి నలుగుతున్నదేమోనని అనుమానించాలి. చిటికెనవేలిలో తిమ్మిరి కలిగితే మోచేతి వద్ద అల్నార్ నాడిని పరీక్షించాలి. మడిచిన వేలు తెరిచేటప్పుడు పట్టేయడం, బొటనవేలి మొదట్లో వాపు కూడా ఉపేక్షించదగినవి కావు. మధుమేహం, థైరాయిడ్ మాంద్యం ఉన్నవారిలో మణికట్టు సొరంగపు బాధ ఎక్కువగా కనిపిస్తుంది కనుక వారు మరింత జాగ్రత్త వహించాలి. ఈ లక్షణాలలో ఏది కనిపించినా సాధన ఆపి వైద్యుని సంప్రదించండి. వెళ్ళేటప్పుడు వాద్యాన్నీ, దాని పట్టీనీ వెంట తీసుకొని వెళ్ళండి.