పక్కనున్నవాళ్ళ గొంతు

పెళ్ళి వీడియోల్లో అందరికన్నా బాగా వినిపించే గొంతు ఎవరిదో ఎప్పుడైనా గమనించారా? పెళ్ళికూతురిది కాదు, పురోహితుడిది అసలే కాదు. కెమెరా పక్కన నిలబడ్డవాళ్ళది! ఆ రోజుల్లో మైకు కెమెరాకే ఉండేది. అవతల మంత్రాలు చదివే శాస్త్రిగారికన్నా, పక్కనే నిలబడి "పప్పులో ఉప్పు తగ్గింది" అనే పెద్దమనిషి మాటే దానికి ముద్దు. అందుకే ఎవరింటి క్యాసెట్ చూసినా తలంబ్రాలు కళ్ళకీ, వంకాయకూర చెవులకీనూ.

మా పెళ్ళి 1990లో. ఆ క్యాసెట్ అద్దె వీసీఆర్ మీద ఒక్కసారి వేశారు. ఇంటినిండా జనం, గోల. ఏం వినపడుతుంది! తరవాత అది బీరువాలో పట్టుచీరల అడుక్కి చేరింది. మావారి షష్టిపూర్తికి దాన్ని తెరమీద వెయ్యాల్సిందేనని మా అమ్మాయి పట్టుబట్టింది. వెయ్యడానికి వీసీఆరేదీ? ఫునాయ్ అనే జపాను కంపెనీ 2016లో మానేశాక కొత్తవి చేసే నాథుడే లేడట. మా చెల్లెలి కొడుకు ఎక్కడో పాతది సంపాదించి, టేపుకి పట్టిన బూజు తుడిచి, అంతా కంప్యూటర్లోకి ఎక్కించాడు.

ఊరేగింపులో మాటల్లేవు, అన్నీ సినిమా పాటలే. "వీటికింద మాటలుంటాయిగా, పాటలు తీసెయ్యరా" అన్నాను.

"ఉండవు పెద్దమ్మా. ఈ టేపుల్లో శబ్దమంతా అంచున సన్నటి చారలో ఉంటుంది. దానిమీద పాట ఎక్కిస్తే పాతది చెరిగిపోతుంది."

అంటే ముగ్గుమీద ముగ్గు కాదు, అలికేసి మళ్ళీ వేసిన ముగ్గన్నమాట. మా మేనమామ హాస్యాలన్నీ అలా అలుకులో కలిసిపోయాయి.

పందిట్లో తీసిన భాగానికి మాత్రం పాట పడలేదు. కాకపోతే జనరేటర్ హోరు. ఎవరూ మాట్లాడని రెండు మూడు క్షణాల హోరు ఏరి, ఇదీ తియ్యాల్సింది అని కంప్యూటర్‌కి చూపించాడు వాడు. పిండి జల్లించినట్టు జల్లించేసింది. అప్పుడు వినపడ్డాయి మాటలు.

కెమెరా పక్కనే మావారి మేనత్తగారు: "పిల్ల చామనచాయ కూడా కాదు, నలుపే."

కాస్త దూరంనుంచి ఇంకో గొంతు: "మా పిల్ల రంగు మీ అబ్బాయి చూశాకేగా వదినగారూ, మీరు తాంబూలాలు పుచ్చుకున్నదీ?"

మా అమ్మ!

1996లో పోయింది. ఫోటోలు నాలుగున్నాయి గానీ గొంతు ఎక్కడా లేదు. మగపెళ్ళివారి ముందు మంచినీళ్ళు అందించడం తప్ప మాట్లాడ్డం నేనెరగను. అలాంటి మనిషి అంత నెమ్మదిగా, అంత సూటిగా!

"ఆవిడ మనవలంతా ముందు వరసలో కూచుంటారమ్మా. ఆ మాట తీయించు" అంది అమ్మాయి. అదీ నిజమే.

బీటిల్స్ వాళ్ళు 2023లో ఓ పాత క్యాసెట్లోంచి, ఎప్పుడో 1980లో పోయిన జాన్ లెనన్ గొంతుని పియానో నుంచి విడదీసి కొత్త పాట విడుదల చేశారని మావాడే చెప్పాడు. మరింకేం, తియ్యమన్నాను.

"అది గొంతూ, వాయిద్యమూ. ఇవి రెండూ ఆడగొంతులే, ఒకే చారలో. అమ్మమ్మ మొదటిమాట ఆవిడ చివరిమాట మీద పడింది" అన్నాడు. అయినా ప్రయత్నించాడు పాపం. అమ్మ నూతిలోంచి మాట్లాడుతున్నట్టు వచ్చింది. బియ్యంలో రాళ్ళు ఏరగలం గానీ చారులో ఉప్పు ఏరగలమా? పోనీ, ముందున్న నాలుగు మాటలూ నొక్కేశాడు. అప్పుడేమో మా అమ్మే ఊరికే గిల్లి కజ్జా పెట్టుకుంటున్నట్టుంది!

మావారు విని, హెడ్‌ఫోన్లు తీసి చేత్తో పట్టుకుని కాసేపు కూచున్నారు. "అత్తయ్య అలా అందా" అన్నారు. తరవాత, "మీ అమ్మగారిది ఇంకోసారి వెయ్యమను."

షష్టిపూర్తి కాపీలో అక్కడ సన్నాయి పెట్టించాం. అందరూ మెచ్చుకున్నారు, మేనత్తగారి మనవలతో సహా. రెండో కాపీలో హోరు తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దన్నాను. అది నా ఫోన్లో ఉంది.

మొన్న అమ్మాయి తనకీ అది పంపించమంది. దానికీ నా రంగే వచ్చింది లెండి.