ఇచ్చిన కరెంటు తిరిగి రావాలి

పార్కిన్సన్స్ రోగుల వణుకును అదుపు చేసేందుకు మెదడు లోతున ఎలక్ట్రోడ్లు అమర్చే చికిత్స ఉంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీం లూయీ బెనాబిడ్ బృందం దీనికి దారి వేసింది. ఛాతీ చర్మం కింద చిన్న డబ్బా, అక్కడి నుంచి మెడ మీదుగా తలలోకి సన్నటి తీగ. ఆ డబ్బాలోని సర్క్యూట్లు గీయడం నా పని. "మెదడుకే కరెంటా!" అని విన్నవాళ్లు భయపడతారు. ఆ భయం సబబే. మా పనంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సాధారణంగా ఒక పల్సు 3 మిల్లీ ఆంపియర్లు, 60 మైక్రోసెకన్లు. సెకనుకు 130 సార్లు. రోజుకు కోటీ 12 లక్షల పల్సులన్నమాట. అయినా ఒక్కో పల్సు చార్జ్ ప్లాటినం-ఇరిడియం ఎలక్ట్రోడ్ మీద చదరపు సెంటీమీటరుకు 3 మైక్రోకూలుంబులే. పాటించే హద్దు 30. అక్కడ నిశ్చింత.

దిగులంతా వెనక్కి రాని చార్జ్ గురించి. ప్రతి పల్సు వెంటా అంతే చార్జ్‌ను ఎదురు దిశలో లాగేయాలి. మిగిలిపోయిందంటే ఎలక్ట్రోడ్ చుట్టూ ఉన్న ద్రవం విద్యుద్విశ్లేషణకు లోనవుతుంది, లోహం కరుగుతుంది, కణాలు చనిపోతాయి. పల్సుకు 180 నానోకూలుంబులు. రాకపోకల మధ్య ఒక్క శాతం తేడా ఉన్నా, అది పేరుకుని 234 నానో ఆంపియర్ల డీసీ అవుతుంది. మేం 100 దాటనివ్వం. అందుకే పల్సు కాగానే ఎలక్ట్రోడ్లను షార్ట్ చేసి మిగులును ఖాళీ చేస్తాం. ఆపైన డీసీని అడ్డుకోవడానికి ప్రతి ఎలక్ట్రోడ్ దారిలో ఒక కెపాసిటర్ పెడతాం.

ఆ కెపాసిటర్ విలువ సెలైన్ గ్లాసు దగ్గర తెలుస్తుంది. ఎలక్ట్రోడ్లు అందులో ముంచి, చిప్పులో స్విచ్ చెడిపోతే ఎలా ఉంటుందో చూడటానికి అవుట్‌పుట్‌ను కావాలనే బ్యాటరీకి కలుపుతాం. కెపాసిటర్ లేని బోర్డయితే ప్లాటినం చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. ఉన్న బోర్డులో ఓసిలోస్కోపు గీత ఒక్కసారి ఎగిరి, దిగివచ్చి, సున్నా దగ్గర నిలబడిపోతుంది.

ఈ కెపాసిటర్లు బోర్డు మీద బోలెడు చోటు తింటాయి. చార్జ్‌ను చిప్పే సరిచూసుకుంటుంది కదా, తీసేద్దామని కొత్తగా చేరిన ఇంజినీర్లు అడుగుతుంటారు. చిప్పు బాగున్నంతకాలం వాళ్ల లెక్క సరైనదే. అది చెడిన రోజు కూడా మనిషికి ఏమీ కాకూడదు. అందుకే నేను ఒప్పుకోను.

అయితే కెపాసిటర్ కూడా ఆపలేనిది షార్ట్‌వేవ్ డయాథర్మీ, అంటే రేడియో తరంగాలతో పెట్టే కాపడం. ఆ రేడియో తరంగాల శక్తి తీగ వెంట పాకి, ఎలక్ట్రోడ్ కొస దగ్గర మెదడును మాడ్చేయగలదు. అమెరికా ఎఫ్‌డీఏ 2002లోనే దీని గురించి హెచ్చరించింది. మన ఫిజియోథెరపీ సెంటర్లలో మోకాళ్లకూ భుజాలకూ ఈ కాపడం పెట్టడం మామూలే. మీ ఇంట్లో ఈ పరికరం అమర్చినవాళ్లుంటే, దాన్ని ఆఫ్ చేసి ఉంచినా సరే, ఒంట్లో ఏ భాగానికీ డయాథర్మీ పెట్టించకండి. ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పండి.